ఒకే టంకశాల, ఒకే ఏడాది: రాజు ముఖం, సూర్యుడి ముఖం

రెండు వెండి నాణేలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటి మీదా 1813 అనే ఉంది. రెండూ దాదాపు 27 గ్రాముల బరువు, అరచేతిలో నిండుగా కూర్చునే పెద్ద బిళ్లలు. రెండిటి మీదా పీ, టీ, ఎస్, ఐ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అల్లుకుపోయిన చిన్న గుర్తు కనిపిస్తుంది. అంటే రెండూ ఒకే ఊళ్లో, ఒకే టంకశాలలో పుట్టాయి. కానీ ఒకదాని మీద స్పెయిన్ రాజు ఏడో ఫెర్డినాండ్ తలకు ఆకుల దండ చుట్టుకుని పక్కకు తిరిగి ఉన్నాడు. రెండోదాని మీద రాజే లేడు. ఆయన ఉండాల్సిన చోట మనిషి ముఖమున్న సూర్యుడు మనవైపే సూటిగా చూస్తున్నాడు. ఆ ముఖం చుట్టూ 32 కిరణాలు, ఒకటి సూదిలా తిన్నగా, ఆ పక్కది మంటలా వంకర తిరిగి.

నాణేల సేకరణలోకి కొత్తగా వచ్చినవాళ్లు సరిగ్గా ఇక్కడే తికమక పడతారు. కేటలాగ్ తెరిస్తే రాజు బొమ్మ నాణెం బొలీవియా పేజీల్లో ఉంటుంది, సూర్యుడి నాణెం అర్జెంటీనా పేజీల్లో ఉంటుంది. 1813లో బొలీవియా అనే దేశమే లేదు. అర్జెంటీనా అన్న పేరుతోనూ అప్పటికి దేశం లేదు. ఈ చిక్కుముడి విప్పాలంటే నాణేన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ టంకశాల ఏ నెలలో ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఈ నాణేలను అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు. ధర, గ్రేడు, అరుదు అన్నీ ఆ తర్వాతే.

ఆ ఊరు పొటోసీ. ఆండీస్ కొండల్లో, సముద్రమట్టానికి దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊరికి ఆనుకుని ఎర్రటి కొండ ఉంది, పేరు సెర్రో రికో, అంటే సిరుల కొండ. 1545లో అక్కడ వెండి బయటపడింది. 1570ల నుంచి అక్కడే నాణేలు కొట్టడం మొదలైంది. ఇప్పుడు కనిపించే టంకశాల భవనాన్ని 1759 నుంచి 1773 దాకా కట్టారు. ఇవాళ అది మ్యూజియం. వెండి కడ్డీలను రేకులుగా సాగదీయడానికి కంచర గాడిదలతో తిప్పించిన పెద్ద పెద్ద చెక్క యంత్రాలు ఇప్పటికీ అక్కడున్నాయి. స్పెయిన్ 1776లో బ్యూనోస్ ఐరిస్ రాజధానిగా రియో దె లా ప్లాతా అనే కొత్త వైస్రాయల్టీని, అంటే రాజు ప్రతినిధి అయిన వైస్రాయ్ ఏలే ప్రాంతాన్ని, ఏర్పాటు చేసినప్పుడు పొటోసీని కూడా దాని కిందకే తెచ్చింది. అందుకే 1810లో బ్యూనోస్ ఐరిస్‌లో తిరుగుబాటు వచ్చినప్పుడు ఆ ప్రభుత్వం పొటోసీని తన ఊరిగానే లెక్క వేసుకుంది. వెండి అంతా ఆ కొండల్లోనే ఉంది మరి.

ఆ వెండి మనకు కొత్తేమీ కాదు. పొటోసీలోనూ మెక్సికోలోనూ అచ్చయిన ఎనిమిది రియాళ్ల నాణెం మూడు వందల ఏళ్ల పాటు ప్రపంచమంతా చెల్లిన డబ్బు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1857 దాకా అది చట్టబద్ధంగా చెల్లింది. ఐరోపా కంపెనీల ఓడలు ఆ నాణేలను మూటల కొద్దీ కోరమాండల్ తీరానికి తెచ్చి ఇక్కడి బట్టలు కొన్నాయి. 1807, 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల వెండి అర వరహాలు వేసినప్పుడు వాటిలో చాలావాటిని స్పానిష్ ఎనిమిది రియాళ్ల మీదే మళ్లీ అచ్చు గుద్దింది. ఆ నాణెం ఒక వైపు గోపురం, రెండో వైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళంలో, తెలుగులో నాణెం విలువ ఉంటాయి. కొన్నిటిని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గోపురం వెనక నుంచి పాత స్పానిష్ అక్షరాలు ఇంకా తొంగిచూస్తాయి. తెలుగు అక్షరాల కింద స్పెయిన్ రాజు పేరు! నాణేల మీద నాకు పిచ్చి పట్టింది అలాంటి ఒక నాణేన్ని భూతద్దంలో చూసిన రోజునే.

ఇక పొటోసీకి వద్దాం. 1810 మే 25న బ్యూనోస్ ఐరిస్‌లో వైస్రాయ్‌ని దింపేసి ఒక జుంటా, అంటే పాలక మండలి, అధికారం తీసుకుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ మండలి రాజుకు ఎదురు తిరిగామని చెప్పలేదు. ఫెర్డినాండ్‌ను నెపోలియన్ 1808 నుంచి బందీగా పెట్టుకున్నాడు. ఆ బందీ రాజు పేరు మీదే మేం పాలిస్తున్నామని వాళ్లు ప్రమాణం చేశారు. 1810 నవంబర్ 7న సుయిపాచా దగ్గర గెలిచి విప్లవ సేన పొటోసీని చేజిక్కించుకుంది. టంకశాల వాళ్ల చేతికి వచ్చింది. అయినా నాణేల మీద రాజు ముఖం మారలేదు. 1811 జూన్ 20న హువాకీ దగ్గర చిత్తుగా ఓడి పొటోసీని పోగొట్టుకునే దాకా అదే పద్ధతి. కాబట్టి 1810, 1811 నాటి రాజు బొమ్మ నాణెం మీ చేతిలో ఉంటే అది రాజభక్తుల పాలనలో అచ్చయిందో విప్లవకారుల పాలనలో అచ్చయిందో బొమ్మను చూసి చెప్పలేం.

అసలు మార్పు 1813లో వచ్చింది. జనవరి 31న బ్యూనోస్ ఐరిస్‌లో మొదలైన సభను అక్కడివాళ్లు పదమూడో ఏటి అసెంబ్లీ అంటారు. సభ్యులు రాజు పేరు మీద ప్రమాణం చేయడం మానేశారు. మరో మూడు వారాలకు, ఫిబ్రవరి 20న, సాల్తా దగ్గర విప్లవ సేనాని మాన్యుయెల్ బెల్‌గ్రానో పెద్ద విజయం సాధించాడు. పొటోసీకి దారి తెరుచుకుంది. ఏప్రిల్ 13న అసెంబ్లీ నాణేల చట్టం చేసింది. వెండి నాణెం మీద ఒక వైపు అసెంబ్లీ ముద్ర, రెండో వైపు మధ్యభాగమంతా నిండేలా సూర్యుడు ఉండాలని, ఎప్పటిలాగే ఊరి గుర్తు, పరీక్షకుల అక్షరాలు, విలువ, ఏడాది వేయాలని అందులో ఉంది. అసెంబ్లీ ముద్ర పైన మామూలుగా చిన్న సూర్యుడు ఉంటాడు. నాణెం రెండో వైపు సూర్యుడే ఉన్నాడు కాబట్టి దాన్ని తీసేయమన్నారు. మిగిలింది ఏమిటంటే, కలిసిన రెండు చేతులు, ఆ చేతులు పట్టుకున్న బల్లెం, బల్లెం కొసన స్వేచ్ఛకు గుర్తుగా పెట్టిన టోపీ, చుట్టూ లారెల్ ఆకుల దండ. నాణెం మీది మాటలు రెండే. సూర్యుడి చుట్టూ ‘ప్రోవిన్సియాస్ దెల్ రియో దె లా ప్లాతా’, అంటే రియో దె లా ప్లాతా రాష్ట్రాలు. ముద్ర చుట్టూ ‘ఎన్ యూనియన్ ఈ లిబెర్తాద్’, ఐక్యతలో, స్వేచ్ఛలో.

స్వాతంత్ర్యాన్ని కాగితం మీద ప్రకటించింది ఎప్పుడో గుర్తు చేసుకోండి. 1816 జూలై 9న, టుకుమాన్‌లో. అంటే కాగితం కంటే మూడేళ్ల ముందే వెండి ఆ మాట చెప్పేసింది. చదువు రాని మనిషికి కూడా అది అర్థమయ్యేది, ఎందుకంటే సంతలో చేతికొచ్చిన డబ్బు మీద రాజు లేడు. బరువును, వెండి పాళ్లను మాత్రం వాళ్లు ముట్టుకోలేదు. వెయ్యి పాళ్లలో 896 వెండి, అదే 27 గ్రాములు. బొమ్మ మార్చినా జనం ఊరుకుంటారు, తూకం తగ్గితే మాత్రం ఏ వర్తకుడూ ఆ నాణెం తీసుకోడు. మెక్సికోలో తిరుగుబాటు నాయకుడు మొరేలోస్ చేతిలో సరైన టంకశాల లేక ఎక్కువగా రాగి బిళ్లలు వేసి, తర్వాత చెల్లిస్తామని నమ్మించాల్సి వచ్చింది. పొటోసీ చేతిలో ఉన్నందుకు బ్యూనోస్ ఐరిస్ వాళ్లకు ఆ అవస్థ రాలేదు.

ఈ నాణేల వెనక ఉన్న మనుషుల గురించి చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. పొటోసీ గనుల్లో 1570ల నుంచి మీతా అనే పద్ధతి నడిచింది. మన వెట్టి లాంటిదే. చుట్టుపక్కల రాష్ట్రాల ఆదివాసీ ఊళ్ల నుంచి ఏటా ప్రతి ఏడుగురు మగవాళ్లలో ఒకరు గనికి వెళ్లి తీరాలి. వెళ్లినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. 1811 సెప్టెంబర్ 1న జుంటా ఈ ప్రజల మీద వేసిన తల పన్ను రద్దు చేసింది. 1813 మార్చి 12న, అంటే నాణేల చట్టానికి దాదాపు నెల ముందు, అసెంబ్లీ దాన్ని ఖాయం చేస్తూ మీతాను కూడా రద్దు చేసింది. ఆ ఆదేశాన్ని గ్వరానీ, క్వెచువా, ఐమారా భాషల్లోకి అనువదించి అచ్చు వేయమంది. ఏ పాలన అయినా తన చట్టాన్ని వెట్టి చేసే మనిషి భాషలోకి మార్చమనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయితే యుద్ధం నడవాలంటే వెండి కావాలి, ఆ వెండి ఆ గనుల నుంచే రావాలి. సూర్యుడి నాణెం చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి.

బెల్‌గ్రానో పొటోసీలో అడుగుపెట్టింది జూన్‌లో. సూర్యుడి నాణేలు అక్కడ అచ్చయింది ఆ తర్వాతి కొద్ది నెలలే. అక్టోబర్ 1న విల్కాపుహియో దగ్గర, నవంబర్ 14న అయోహుమా దగ్గర వరసగా ఓడిపోయి సేన వెనక్కి మళ్లింది. వెళ్లిపోతూ బెల్‌గ్రానో టంకశాలను పేల్చేయమని ఆదేశించాడు. శత్రువు చేతిలో అది మళ్లీ పడకూడదని ఆయన ఉద్దేశం. గదుల్లో మందుగుండు పేర్చారు. ఊరి జనాన్ని దూరంగా వెళ్లిపొమ్మన్నారు. కానీ పేలుడు జరగలేదు, భవనం నిలిచింది. రాజు మనుషులు మళ్లీ వచ్చి రాజు బొమ్మతో అచ్చు కొనసాగించారు. 1815 మధ్యలో హోసే రొందో నాయకత్వంలో విప్లవ సేన మూడోసారి పొటోసీ చేరింది, సూర్యుడు మళ్లీ నాణెం ఎక్కాడు. నవంబర్ 29న సిపే సిపే దగ్గర ఓటమితో ఆ కథ ముగిసింది. తర్వాత పొటోసీ ఎప్పుడూ బ్యూనోస్ ఐరిస్ చేతికి రాలేదు. 1825లో బొలీవియాగా స్వతంత్రమైంది. అందుకే ఆ ఊరు ఒక దేశంలో ఉంది, ఆ ఊళ్లో పుట్టిన సూర్యుడి నాణెం ఇంకో దేశానికి, బ్యూనోస్ ఐరిస్ రాజధానిగా ఉన్న అర్జెంటీనాకు, మొదటి నాణెంగా పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు నాణేన్ని మళ్లీ చేతిలోకి తీసుకుందాం. ముద్ర ఉన్న వైపు, అంచు వెంట, ఏడాది పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి. వెండి నాణ్యతను పరీక్షించి పూచీ పడిన అధికారుల పేర్లలోని మొదటి అక్షరాలవి. 1813 సూర్యుడి నాణెం మీద ‘జె’ ఒక్కటే ఉంటుంది, హోసే ఆంతోనియో దె సియెర్రా (స్పానిష్‌లో హోసేను జెతోనే రాస్తారు). 1815లో ‘ఎఫ్’, ఫ్రాన్సిస్కో హోసే దె మాతోస్. కొన్నిటి మీద ‘ఎఫ్ఎల్’, మాతోస్‌కు లూయిస్ లోపెజ్ తోడయ్యాడు. ఇవే ఏళ్ల రాజు నాణేల మీద ‘పీజే’ అని జంట అక్షరాలుంటాయి. సూర్యుడి నాణెం మీద ‘పీజే’ కనిపిస్తే, లేదా 1814 అన్న ఏడాది కనిపిస్తే, ఆ నాణేన్ని అక్కడే పెట్టేసి వచ్చేయండి. 1814లో టంకశాల రాజు మనుషుల చేతిలో ఉంది.

వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకా చిన్న అక్షరం, విలువ పక్కన ఉండేది. 1813లో ‘8ఆర్’ అని వేశారు, ఎనిమిది రియాళ్లు. స్పానిష్‌లో రియాల్ అంటే ‘రాజుది’ అని అర్థం. రాజు ముఖాన్ని తీసేసినా ఆయన పేరు ఆ ఒక్క అక్షరంలో మిగిలిపోయింది. 1815లో కొన్ని నాణేల మీద ‘ఆర్’ పోయి ‘ఎస్’ వచ్చింది. ‘సోల్’, అంటే సూర్యుడు. అదే తూకం, అదే వెండి, పేరు మాత్రం రాజు నుంచి సూర్యుడికి మారింది. అందుకే 1815 నాణేలు సేకరించేవాళ్లు ఏడాదితో ఆగరు, ‘ఆర్’ ఒకటి, ‘ఎస్’ ఒకటి, ‘ఎఫ్’ ఒకటి, ‘ఎఫ్ఎల్’ ఒకటి అని వెతుకుతారు. యుద్ధం సూర్యుణ్ని పొటోసీ నుంచి తరిమేసింది గానీ ఆ అక్షరాన్ని తరమలేకపోయింది. 1827 నుంచి స్వతంత్ర బొలీవియా అదే టంకశాలలో స్వాతంత్ర్య పోరాట నాయకుడు బొలీవర్ బొమ్మతో వేసిన పెద్ద వెండి నాణెం విలువ ‘8ఎస్’, ఎనిమిది సోళ్లు.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎనిమిది రియాళ్ల నాణెంతో పాటు నాలుగు, రెండు, ఒకటి, అర విలువల చిన్న నాణేలు కూడా వేశారు. అరిగిన చిన్న నాణేలతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే నకిలీలు తయారుచేసేవాళ్ల కన్ను ఎప్పుడూ పెద్ద బిళ్ల మీదే. బంగారు ఎనిమిది ఎస్కుడోల జోలికి నేను చెప్పినంత మాత్రాన ఎవరూ వెళ్లరు, వాటి ధర మనలాంటివాళ్లకు అందేది కాదు. అంచు వెంట ఉన్న అక్షరాల్లో ‘ఆర్ఏ’ అన్న గుర్తు కనిపిస్తే అది పొటోసీది కాదు. పొటోసీ చేజారాక ఫమతీనా కొండల వెండితో అర్జెంటీనాలోని లా రియోహాలో అదే సూర్యుడితో, అదే మాటలతో వేసినది. ఎనిమిది రియాళ్లు అక్కడ 1826 నుంచి 1837 దాకా వచ్చాయి. మంచి నాణెమే, సేకరించదగ్గదే, కానీ దాన్ని ‘విప్లవపు తొలి నాణెం’ అని అంటగట్టేవాళ్లను నమ్మకండి.

నకిలీ గురించి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 1813 ఎనిమిది రియాళ్ల నాణెం కొన్నాను. ఫొటోలో సూర్యుడు చాలా అందంగా ఉన్నాడు. పార్సిల్ విప్పి చేతిలోకి తీసుకోగానే ఏదో తేడా అనిపించింది. వెండి కొట్లో తూకం వేయిస్తే 24 గ్రాములు కూడా లేదు. భూతద్దంలో చూస్తే సూర్యుడి చెంప మీద సన్నటి గుంటలు, ఇడ్లీ మీద పడే చిల్లుల్లా. కరిగిన లోహాన్ని మూసలో పోస్తే గాలి బుడగలు అలా మిగులుతాయి. అచ్చు గుద్దిన నాణెం మీద అవి ఉండవు. అంచు చుట్టూ వేలి గోరుతో తడిమితే రెండు సగాలను అతికిన గీత తగిలింది. ఆ రోజు పడ్డ బాధ ఇంకా గుర్తుంది. డబ్బు పోయినందుకు కాదు, వారం రోజులు ఆ నాణెం గురించి కన్న కలల కోసం.

అప్పటి నుంచి నేను చేసే పని ఇది. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తూకం కొనుక్కున్నాను. తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి, సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్న దారంతో కట్టి గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో ముంచుతాను. 27 గ్రాముల అసలు నాణెం అయితే తూకం దాదాపు 2.6 చూపించాలి, ఎందుకంటే ఈ వెండి నీళ్ల కంటే పది రెట్లకు పైగా బరువు. సీసమో ఇత్తడో కలిపితే ఆ అంకె మారిపోతుంది. అయస్కాంతం పరీక్ష మీద మాత్రం ఆధారపడకండి. అంటుకుంటే నకిలీ అని తెలుస్తుంది, అంటుకోకపోతే ఏమీ తెలియదు. గీటురాయి మీద గీయమని ఎవరైనా సలహా ఇస్తే వద్దని గట్టిగా చెప్పండి. ఆ గీతతో నాణెం విలువ సగం పోతుంది.

అలాగే చింతపండుతోనో విభూతితోనో తోమకండి. పూజ గదిలో వెండి కుందులు తళతళలాడితే మనకు ఆనందం, కానీ రెండు వందల ఏళ్లలో వెండి మీద పట్టిన నలుపు ఆ నాణెం వయసుకు సాక్ష్యం. ఆ నలుపే అక్షరాల చుట్టూ నిలిచి వాటిని స్పష్టంగా చదివిస్తుంది. తోమిన నాణెం ఎంత మెరిసినా వేలంలో దాని ధర పడిపోతుంది. నిపుణుల గ్రేడింగ్ కంపెనీలు కూడా దాన్ని ‘శుభ్రం చేసినది’ అని రాసి ప్లాస్టిక్ డబ్బాలో మూసేస్తాయి.

ఈ నాణేలు కొనే స్తోమత లేనివాళ్లకు నేను ఒకటి చెబుతాను. అర్జెంటీనా 1994 నుంచి వేసిన ఒక పెసో నాణేన్ని, ఆ రెండు రంగుల బిళ్లను, సంపాదించండి. దాని మీదున్న సూర్యుడు, ముద్ర, మాటలు 1813 నాణెం నుంచి తీసుకున్నవే. పాత నాణేల పెట్టెల్లో చవగ్గా దొరుకుతుంది. 1995 నాటి వాటిలో కొన్నిటి మీద ‘ప్రోవిన్సియాస్’ అన్న మాటలో ‘సీ’ అక్షరం ఉండాల్సిన చోట ‘జీ’ పడింది. ఆ తప్పును వెతుక్కోవడం మొదలుపెట్టిన పిల్లలకు అక్షరం అక్షరం చూసి చదివే అలవాటు దానంతట అదే వస్తుంది. అర్జెంటీనా జెండా మధ్యలో ఉన్న సూర్యుడూ ఇక్కడివాడే. 1944 నాటి ప్రభుత్వ ఆదేశం, జెండా మీద సూర్యుడు 1813 చట్టం ప్రకారం అచ్చయిన ఎనిమిది ఎస్కుడోల బంగారు నాణెం, ఎనిమిది రియాళ్ల వెండి నాణెం మీద ఉన్నవాడే కావాలని, తిన్నటివి, మంటలాంటివి కలిపి 32 కిరణాలు ఆ నాణేల్లో ఉన్న వరసలోనే ఉండాలని చెబుతుంది.

నా దగ్గరున్నది 1815 నాటి రెండు విలువ నాణెం, బాగా అరిగింది. సూర్యుడి ముక్కు పూర్తిగా చదునైపోయింది, కిరణాల్లో సగం లెక్క పెట్టడానికి కూడా రావు. పైన, తల దగ్గర, ఎవరో చిల్లు పొడిచారు. మన ఇళ్లల్లో అమ్మమ్మలు కాసులపేరులో గుచ్చుకున్నట్టు అక్కడ ఎవరో మెడలోనో, బట్ట మీదో కట్టుకుని ఉంటారు. చిల్లు ఉంది కాబట్టే అది నాకు అందిన ధరకు వచ్చింది. ఆ చిల్లు పూడ్పించమని ఒకరిద్దరు చెప్పారు, నేను వద్దన్నాను. చిల్లు అంచులు సూర్యుడి వైపు నున్నగా అరిగి ఉన్నాయి, వెనక వైపు ఇంకా గరుకుగానే తగులుతాయి. కట్టుకున్నవాళ్లు సూర్యుణ్ని బయటికి కనిపించేలాగే కట్టుకున్నారని నేననుకుంటాను.